బుకారెస్ట్‌లో పోకిరీల పాట నేర్చుకున్నాను

రొమేనియన్ భాషలో నేను తడబడకుండా పలికిన మొదటి మాట 'దొంగలు'. హోత్సీ! 2017 ఫిబ్రవరి 1 రాత్రి బుకారెస్ట్‌లో, ప్రభుత్వ భవనం ముందున్న చౌరస్తాలో వేలమందితో కలిసి అరిచాను. మా క్లాసులో ఆ 'త్స' దగ్గర నాలుక మడతపడని విదేశీ విద్యార్థి లేడు. నాకు మాత్రం అది 'చలి'లో ఉండే చ. ఆ రాత్రి చలికి కూడా కొదవ లేదు.

అప్పటికి ఆ దేశం వచ్చి నాలుగు నెలలు. స్కాలర్‌షిప్ మీద ఎంఏ చేయడానికి వెళ్లాను. చదువు రొమేనియన్‌లోనే కాబట్టి మొదటి ఏడాదంతా భాష నేర్చుకోవడమే పని. వారానికోసారి బయట చెవిన పడిన పది వాక్యాలు రాసుకురమ్మని మా టీచరమ్మ హోంవర్కు ఇచ్చేది. ఎక్కువగా కూరగాయల దుకాణంలో, మెట్రోలో విన్నవి రాసేవాణ్ణి. "తలుపులు మూసుకుంటున్నాయి" అనే మెట్రో ప్రకటన మూడు వారాలు వరసగా రాస్తే టీచరమ్మ కింద ఎర్ర సిరాతో "ఇంకెక్కడికైనా వెళ్లు" అని రాసింది.

వెళ్లాల్సిన చోటు జనవరి 31న దానంతటదే తయారైంది. ఆ రాత్రి బాగా పొద్దుపోయాక ప్రభుత్వం 13వ నంబరు అత్యవసర ఆర్డినెన్సు తెచ్చింది. అధికార దుర్వినియోగం వల్ల జరిగిన నష్టం 2 లక్షల లేయ్ లోపు ఉంటే అది నేరమే కాదని దాని సారాంశం. అప్పటి లెక్కన మన 30 లక్షల రూపాయల పైచిలుకు. వార్త తెలిసిన గంటలోనే జనం రోడ్ల మీదికొచ్చారు. "రాత్రిపూట, దొంగల్లాగా" అనేది వాళ్ల నినాదం. ఇద్దరి నోట పుట్టింది ఇరవైమందికి, ఇరవైమంది నుంచి రెండువేలకు ఎలా పాకుతుందో పక్కనే నిలబడి విన్నాను. మరునాడు నోట్‌బుక్కు పట్టుకుని మళ్లీ వెళ్లాను. రికార్డు చేద్దామంటే ఆ చలికి ఫోను 40 శాతం చార్జి ఉండగానే చచ్చిపోయేది. బాల్‌పెన్ను సిరా గడ్డకట్టి గీతలే తప్ప అక్షరం పడేది కాదు. చివరికి పెన్సిల్. చేతి తొడుగు తీస్తే వేళ్లు కొంకర్లు పోతాయి, వేసుకుంటే పెన్సిల్ నిలవదు. అందుకని కుడిచేతి తొడుగుకు రెండు వేళ్లు కత్తిరించుకున్నాను.

విన్నది తెలుగు లిపిలోనే రాసుకున్నాను. రొమేనియన్‌కు మన లిపి హాయిగా సరిపోతుంది, ఒక్క అచ్చు తప్ప. ఇ కాదు, ఉ కాదు, రెంటి మధ్యలో గొంతులో నలిగే శబ్దం ఒకటుంది. 'రొమేనియన్' అనే మాటకు వాళ్ల పలుకుబడిలో మధ్యలో ఆ అచ్చే కూర్చుని ఉంటుంది. అంటే ఆ దేశస్థుడి పేరే నాకు సరిగా పలకడం రాదు. దీని సంగతి మళ్లీ చెప్తాను.

పది వాక్యాల హోంవర్కు నాలుగు రోజుల్లో అరవై పేజీలైంది. తిరగేసి చూస్తే అన్నీ నినాదాలే. ప్రాస ఉంది, లయ ఉంది, వెటకారానికైతే అంతే లేదు. పాట మాత్రం ఒక్కటీ లేదు. సూర్యాపేట దగ్గరి పల్లెలో పుట్టినవాణ్ణి. డప్పు, గజ్జె, గొంగడి లేకుండా ధర్నా అంటే నాకు ఉప్పు లేని కూర. తెలంగాణ ఉద్యమంలో ఉపన్యాసానికి కూర్చోని జనం పాటకు కూర్చోవడం కళ్లారా చూసినవాణ్ణి. ఇక్కడ లక్షమంది చేరారు, ఒక్కడూ గొంతెత్తి పాడడేంటి?

ఈ ప్రశ్న మా ఇంటి ఓనరు ముందు పెట్టాను. అద్దెకిచ్చినావిడను 'దోమ్నా' అని పిలవాలని క్లాసులో చెప్పారు, అమ్మగారూ అని అర్థం. నోరు తెరిస్తే దోమ గుర్తొచ్చి నవ్వొచ్చేది. ఆవిడే రెండో వారంలో "తాంతి అని పిలు" అంది. అంటే పిన్నో అత్తో, మన 'ఆంటీ'. ఆ సాయంత్రం తాంతి వంటింట్లో సార్మాలే చుడుతోంది. ఉప్పునీళ్లలో ఊరబెట్టి పులిసిన క్యాబేజీ ఆకులో బియ్యం, మాంసం ముద్ద పెట్టి కిళ్లీ మడిచినట్టు మడవడం. ఆకు ఈనెను కత్తి అంచుతో పల్చగా గీకుతూ అంది, "పాడమని బలవంతపెట్టినవాళ్లు పోయి ఇంకా ముప్పై ఏళ్లు కూడా కాలేదురా."

తన చిన్నప్పుడు బడిలో పయనీర్లని ఉండేవాళ్లట. మెడకు ఎర్ర స్కార్ఫు కట్టుకుని కమ్యూనిస్టు పార్టీనీ, దేశాన్నేలిన నియంత చౌషెస్కునూ పొగుడుతూ బృందగానం చేయాలి. 1976 నుంచి దేశమంతా 'రొమేనియా గానం' అని ఓ పెద్ద ఉత్సవం నడిచింది. బడులు, కర్మాగారాలు, సహకార సంఘాలు, ఎవరికి వాళ్లు ఒక బృందాన్ని తయారుచేసుకుని పోటీకి దిగాల్సిందే. ఇంట్లో కరెంటుండదు, పళ్లు కొరికే చలి. బయట మాత్రం భవిష్యత్తు వెలిగిపోతోందని నాలుగు స్వరాల్లో పాడాలి. "నలుగురితో కలిసి పాడడమంటే మాకు వెట్టి" అంది. ఆవిడ వాడిన మాట వేరు, నాకు వినపడింది వెట్టే.

మరి చౌషెస్కును దించిన 1989 డిసెంబర్లో ఏం పాడారు అన్నాను. మొదట పాడలేదంది. తిమిష్వారా నగరంలో ఆపెరా ముందు చౌరస్తాలో జనం మోకాళ్ల మీద కూర్చుని "పరలోకమందున్న మా తండ్రీ" అని ప్రార్థన చేశారు. దేవుణ్ణి నమ్మని ప్రభుత్వం ఏలే దేశంలో అంతకు మించిన ధిక్కారం లేదు. బుకారెస్ట్‌లో ఫుట్‌బాల్ మైదానంలో అరిచే "ఒలే ఒలే"ను తీసుకుని, చివర "చౌషెస్కు ఇక లేడు" అని తగిలించారు. బలవంతపు పాటల్లో చేరనిది ఆటల మైదానం ఒక్కటే కాబట్టి, అక్కడి వరస అందరి నోళ్లలో శుభ్రంగా మిగిలి ఉంది. ఈ ముక్క తాంతిది కాదు, నాది.

అసలు పాట 1990లో వచ్చింది. ఏప్రిల్ 22 నుంచి జూన్ 13 దాకా యాభై రోజులకు పైగా యూనివర్సిటీ చౌరస్తాను విద్యార్థులు పట్టుకుని కూర్చున్నారు. చౌషెస్కు పోయినా పాత పార్టీ మనుషులే కొత్త జెండాతో కుర్చీలెక్కారనీ, వాళ్లను ఎన్నికల్లో నిలబడనివ్వకూడదనీ వాళ్ల పట్టు. అప్పటి తాత్కాలిక దేశాధినేత ఇయోన్ ఇలియెస్కు విద్యార్థులను 'గొలాన్'లన్నాడు, అంటే పోకిరీలు. తెల్లారేసరికి ఆ మాట బ్యాడ్జీ అయి చొక్కాలెక్కింది. ఫ్రెంచి అకాడమీ సభ్యుడైన నాటకకర్త యూజీన్ ఐనెస్కో పారిస్ నుంచి మద్దతు పంపి తానూ గొలాన్‌నే అన్నాడు. క్రిస్టియన్ పత్సుర్కా అనే కుర్రాడు గిటారు పట్టుకుని భూగర్భశాస్త్ర విభాగం బాల్కనీ ఎక్కి ఓ పాట అందుకున్నాడు. అదే 'పోకిరీల గీతం'.

తాంతి అప్పుడు ఇరవై రెండేళ్ల విద్యార్థిని. సార్మాలే గిన్నె పొయ్యి మీద పెట్టి, చేతులు కడుక్కోకుండానే పల్లవి పాడింది. గొంతు బొంగురు. ఆకు చుట్టేటప్పుడు వేళ్లకున్న లయే పాటలోకి వచ్చింది. పల్లవంతా నాలుగు జోడీలు. ద్రోహి కన్నా దిమ్మరి మేలు, నియంత కన్నా రౌడీ మేలు... ఇలా సాగి చివరికి 'కమ్యూనిస్టు' దగ్గర ఆగుతుంది. నేర్పమన్నాను. సార్మాలే ఉడకడానికి మూడు గంటలు పడుతుంది కాబట్టి ఒప్పుకుంది.

వరస గంటలో పట్టుబడింది. మాటల దగ్గరే బోల్తాపడ్డాను. మూడో జోడీలో 'ఆక్తివిస్ట్' అని ఉంది. తెలుగులోకి మార్చుకుంటూ "ఉద్యమకారుడి కన్నా పోకిరి మేలు" అని రాశాను. ఉద్యమంలో కూర్చుని ఉద్యమకారుణ్ణి తిట్టడమేమిటని గంటన్నర బుర్ర గోక్కుని, చివరికి అడిగితే తాంతి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. అప్పటి రొమేనియాలో ఆక్తివిస్ట్ అంటే పార్టీ జీతం మీద బతికే కార్యకర్త. రేషను ముందు తనకు, తర్వాత ఊరికి. మనకు వీధిలో జెండా పట్టినవాడు, వాళ్లకు ఆఫీసులో కుర్చీ పట్టినవాడు.

'గొలాన్' ఇంకో తలనొప్పి. పోకిరి, జులాయి, ఆవారా, లఫంగి అన్నీ వేసి చూశాను. 'గోల్' అంటే వాళ్ల భాషలో ఖాళీ, నగ్నం. ఆ మాటలోంచే గొలాన్ వచ్చిందని తాంతి చెప్పింది. ఒంటి మీద బట్ట లేనివాడన్నమాట. 1965లో మన దగ్గర కొందరు కవులు దిగంబరులమని పేరు పెట్టుకుని రోడ్డెక్కిన సంగతి చెప్తే, "ఎవరు తిట్టారు వాళ్లను?" అంది. ఎవరూ తిట్టకముందే వాళ్లే పెట్టుకున్నారన్నాను. "అయితే తెలివైనవాళ్లు," అంటూ గిన్నె మూత తీసి చూసింది.

రెండో చరణంలో ఒకచోట తాంతి ఆగిపోయింది. గుర్తులేదట. జూన్ 13 తెల్లవారుజామున పోలీసులు చౌరస్తా ఖాళీ చేయించారు. మర్నాడు జియు లోయ నుంచి గని కార్మికులు రైళ్లలో దిగి, గడ్డం ఉన్నవాణ్ణీ కళ్లజోడు పెట్టినవాణ్ణీ విద్యార్థే అనుకుని కర్రలతో కొట్టారు. ఇలియెస్కు బహిరంగంగా వాళ్లకు కృతజ్ఞతలు చెప్పాడు. ఆ రాత్రి తాంతి తల్లి కూతురి పాటల నోట్‌బుక్కు తీసి పొయ్యిలో వేసింది. చేత్తో రాసుకున్న ప్రతి అదొక్కటే. తర్వాత నేను పాత రికార్డింగు వెతికి, ఆవిడ చరణాలు తారుమారు చేసి పాడిందని కనిపెట్టి చూపిస్తే ఒప్పుకోలేదు. "అక్కడ మేం పాడింది ఇదే" అంది. అడుగున నిలబడి విన్నవాళ్ల పాట బాల్కనీ మీది పాటలాగే ఉండాలని లేదు కదా. నా నోట్‌బుక్కులో రెండూ ఉంచాను.

ఇంకో మాట దాచకూడదు. 1990 మే 20 ఎన్నికల్లో ఇలియెస్కుకు 85 శాతం ఓట్లొచ్చాయి. చౌరస్తాలో పాడినవాళ్లు దేశం కాదు, దేశంలో ఓడిపోయిన చిన్న ముక్క. ఈ పాట తాలూకు తీపు అందులోనే ఉందని నాకనిపిస్తుంది. గెలిచినవాళ్లకు జాతీయగీతం ఉంటుంది, పోకిరీల గీతం అక్కర్లేదు.

జాతీయగీతం సంగతికొస్తాను. ఫిబ్రవరి 5, ఆదివారం. ప్రభుత్వం దిగొచ్చి ఆర్డినెన్సు రద్దు చేసింది. అయినా ఆ రాత్రి దేశమంతా కలిపి 5 లక్షల మందికి పైగా వీధుల్లోకి వచ్చారని పత్రికల అంచనా. నాతోపాటు తాంతీ, పై అంతస్తులో ఉండే క్లూజ్ నగరపు అమ్మాయీ వచ్చారు. ఆ అమ్మాయి మాతృభాష హంగేరియన్. నాకు వారానికి రెండు సాయంత్రాలు రొమేనియన్ చెప్పేది, బదులుగా నేను పప్పుచారు పెట్టేవాణ్ణి. రాత్రి 9 గంటలకు అందరూ ఫోన్ల లైట్లు ఎత్తి పట్టారు. ఇళ్లలో దీపాలు కూడా ఆర్పి చూస్తున్నారా అన్నట్టు చుట్టూ మేడలు నల్లగా, నేల మాత్రం తెల్లగా. అప్పుడు అందుకున్నారు పాట. నాలుగు రోజులుగా నేను వెతుకుతున్న ఒకే ఒక్క పాట, జాతీయగీతం.

"మేలుకో రొమేనియన్, చావునిద్ర నుంచి" అని మొదలవుతుంది. రాగం దగ్గర పోలిక లేదుగానీ, పని మాత్రం మన మేలుకొలుపుదే. దేవుడి బదులు మనిషిని లేపుతుంది. 1848లో ఆండ్రే మురెషాను రాసింది. కమ్యూనిస్టులు వచ్చాక చాలా ఏళ్లు దీన్ని పాడనివ్వలేదు. 1987 నవంబర్ 15న బ్రషోవ్‌లో జీతాల కోతమీద తిరగబడ్డ కార్మికులు వీధుల్లో పాడుతూ నడిచారు. వాళ్ల లారీల కర్మాగారం పేరు 'ఎర్రజెండా'. 1990లో ఇదే జాతీయగీతమైంది. అంటే ఒకప్పుడు పాడితే జైలు, ఇప్పుడు పాడకపోతే అందరూ తిరిగి చూస్తారు.

నేనూ నోరు కదిపాను. మొదటి పాదంలోనే ఆ పాడు అచ్చు ఎదురైంది. 'రొమేనియన్' అన్న పిలుపు దగ్గర నా గొంతు జారింది. పలకలేకపోవడం ఒకటి, అసలు అది నన్ను పిలవకపోవడం మరొకటి. పక్కకు చూస్తే క్లూజ్ అమ్మాయి ఫోను లైటు అందరికన్నా పైకి పట్టుకుని ఉంది, పెదాలు మాత్రం మూసి ఉన్నాయి. తర్వాత మెట్రో మెట్లు దిగుతూ చెప్పింది. 1848లో ట్రాన్సిల్వేనియాలో రొమేనియన్లూ హంగేరియన్లూ ఎదురెదురుగా కత్తులు దూసిన ఏడాది పుట్టిన పాట అది. అందులో అనాగరిక నిరంకుశులని తిట్టింది ఎవరినని బడిలో టీచరును అడిగితే జవాబు రాలేదట. "దొంగలు అని అరవడానికి నా గొంతు వాళ్లకు ఎంతైనా ఇస్తాను. ఆ పాటకు లైటు పట్టుకుంటాను, అంతే." ఆ అమ్మాయి పన్ను కట్టేదీ ఆ ఖజానాకే, మోసపోయిందీ ఆ ఆర్డినెన్సుతోనే.

అక్కడే నా సందేహం విడిపోయింది. 1990లో బాల్కనీ ఉంది, మైకు ఉంది, యాభై రోజుల తీరిక ఉంది. పైనున్నవాడు పాదం పాడతాడు, కిందున్నవాళ్లు అందుకుంటారు, మూడో రోజుకు కొత్త పాట అందరిదైపోతుంది. 2017లో వేదికే వద్దనుకున్నారు. ఎవడు మైకు పట్టినా పార్టీవాడే అయ్యుంటాడని అనుమానం. వేదిక లేనిచోట కొత్త పాటను ఎవరు నేర్పుతారు? 2013లో బంగారు గని, సయనైడు వద్దని రోషియా మొంతానా అనే ఊరి కోసం జనం నడిచినప్పుడూ అంతేనని నా తోటి విద్యార్థులు చెప్పారు. ఖాళీ ప్లాస్టిక్ సీసాల్లో గులకరాళ్లు పోసి రోడ్డుకేసి కొడుతూ నడిచారు. 2015లో 64 మందిని బలిగొన్న కొలెక్తివ్ క్లబ్బు అగ్నిప్రమాదం తర్వాత "అవినీతి చంపుతుంది" అన్న రెండు మాటలే ప్రధానిని దింపాయి. నినాదానికి గురువు అక్కర్లేదు. పాటే కావాలంటే మాత్రం అందరికీ ముందే వచ్చినది ఒకటుండాలి, అది జాతీయగీతమే అవుతుంది. అది 'మనం' అనేసరికి కొందరి పెదాలు మూసుకుంటాయి.

గొలాన్ అలా కాదు. రొమేనియన్‌గా పుట్టాలి, గొలాన్ ఎవరైనా కావచ్చు. ఎవడో పెద్దమనిషి తిడితే చాలు. ఈ మాట అంటే క్లూజ్ అమ్మాయి వెంటనే ఆ పాట నేర్చుకుంది. మరుసటి ఆదివారం మా వంటింట్లో ముగ్గురం పాడాం. తాంతి తప్పు వరసలోనే.

నా తెలుగు పాట మాత్రం చివరి పాదం దగ్గర ఆగిపోయింది. "కమ్యూనిస్టుగా బతకడం కన్నా చావు మేలు." రాయడం నిమిషం పని. కానీ మా ఇంట్లో ఎర్రజెండా దండెం మీద బట్టలాగా రోజూ కంటపడే వస్తువు. మా తాత పదమూడేళ్ల వయసులో కమ్యూనిస్టుల సంగానికి చీటీలు మోసి, గడీ మనుషుల చేతిలో దెబ్బలు తిన్నాడు. పోయినప్పుడు ఆ జెండానే కప్పారు. ఆ ఇంటి భాషలో ఈ పాదం రాయడానికి చెయ్యి రాలేదు. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు కొట్టేశాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది, కాగితం చిరిగేలా నొక్కిన పెన్సిల్ గీతలతో.

చివరికి తాంతి పాటను రికార్డు చేసి ఊరికి పంపాను. రాత్రి నాయినమ్మ ఫోను చేసింది.

"పాట మంచిగుంది బిడ్డా. ఎవలీమె? గొంతు పోయినా వరస పోలే. ఏ దొర మీద కట్టిండ్రు?"

నాయినమ్మ లెక్కలో పాట అంటూ ఉంటే అది ఏదో ఒక దొర మీద కట్టిందే అయ్యుండాలి.

"దొర మీద కాదు నాయినమ్మా. సంగపోళ్ల మీద."

అటు నుంచి చాలాసేపు టీవీ చప్పుడు మాత్రమే వినపడింది.

"అంటే ఆడ సంగపోళ్లే దొరలయిండ్రా?"

ఫోను పెట్టేసి నోట్‌బుక్కు తీశాను. ఐదోసారి రాసింది కొట్టేయలేదు. "దొరనై బతికే దానికన్నా సావు మేలు." మాత్రలు కూడా సరిపోయాయి. మర్నాడు పొద్దున తాంతికి పాడి వినిపించాను. అర్థం తెలియకపోయినా బల్ల మీద వేళ్లతో తాళం వేస్తూ విన్నది, చివరి పాదం మళ్లీ పాడించుకుంది. తర్వాత నవ్వు ఆపుకుంటూ అడిగింది.

వాళ్ల దగ్గర దోరా అనేది ఆడపిల్లల పేరు.

"ఎవరురా ఈ దోరా? నాకు చెప్పనేలేదే!"